పెద్దాసుపత్రా, ఊళ్లో నర్సింగ్ హోమా?

తెనాలి అబ్బాయి: మా నాన్నకి గాల్‌బ్లాడర్‌లో రాళ్లు, ఆపరేషన్ చెయ్యాలన్నారు. ఊళ్లో 40 పడకల నర్సింగ్ హోమ్ ఉంది, డాక్టరుగారు తెలిసినాయనే. మా బావేమో హైదరాబాద్ కార్పొరేట్‌కే తీసుకెళ్లమని ఒకటే గొడవ. పెద్దదైతే ప్రాణానికి భరోసా అన్నది నిజమేనా, బిల్లు పెద్దదవడం ఒక్కటేనా?

లెక్కల మాస్టారు: పెద్దదానికే వెళ్లండి. రోజూ చేసే చేతికీ, ఏడాదికోసారి చేసే చేతికీ తేడా ఉండదా? అమెరికాలో 2002లో వచ్చిన అధ్యయనం చూడండి, పాంక్రియాస్ (క్లోమం) ఆపరేషన్లు బాగా తక్కువగా చేసే ఆసుపత్రుల్లో నూటికి 16 మంది పోతే, బాగా ఎక్కువగా చేసేచోట నలుగురు కూడా లేరు.

నైట్ డ్యూటీ: పాంక్రియాస్ లెక్క తెచ్చి గాల్‌బ్లాడర్‌కి అంటిస్తే ఎలా మాస్టారూ? అదే అధ్యయనంలో మెడ రక్తనాళం ఆపరేషన్‌కి తేడా అర శాతం కూడా రాలేదు. నేను స్టాఫ్ నర్సుని, 300 పడకల చోట చేశాను. రాత్రి వార్డులో 18 మందికి నేనొక్కదాన్నే. ఒకసారి 7వ బెడ్ పెద్దాయనకి సెలైన్ అయిపోయి గొట్టంలోకి రక్తం ఎక్కేసింది, వాళ్లావిడ వచ్చి పిలిచేదాకా చూసుకోలేదు, ఎందుకంటే అప్పుడు 15వ బెడ్‌కి సాచురేషన్ పడిపోతుంటే ఆక్సిజన్ పెడుతున్నాను. అమెరికాలోనే పెన్సిల్వేనియా రాష్ట్రంలో 168 ఆసుపత్రుల లెక్క తీస్తే, నర్సు మీద ఒక్క పేషెంట్ అదనంగా పడితే ఆపరేషన్ అయినవాళ్లు నెలలోపు చనిపోయే అవకాశం 7 శాతం పెరిగిందని తేలింది. కాలిఫోర్నియాలో 2004 నుంచి ఎంతమందికి ఒక నర్సో చట్టమే ఉంది. మనకి బిల్డింగ్ ఎన్ని అంతస్తులన్నదే లెక్క.

లెక్కల మాస్టారు: నర్సులు ఎక్కువున్నచోట డబ్బూ, పరికరాలూ కూడా ఎక్కువే ఉంటాయి కదమ్మా, ఫలితం దేనివల్లో ఎలా చెప్తాం? పైగా చిన్నచోట అర్ధరాత్రి రక్తం కావాల్సొస్తే?

నైట్ డ్యూటీ: రక్తం సంగతి ఒప్పుకుంటా. పరికరాల సంగతంటారా, మానిటర్ మోగుతుంది సరే, వెళ్లి చూసే మనిషుండాలిగా. తమ్ముడూ, రెండుచోట్లా ఒక్కటే అడుగు: రాత్రి రెండింటికి వార్డులో ఎందరికి ఎందరు సిస్టర్లు, మత్తు డాక్టరు ఎంతసేపట్లో వస్తారు?

తెనాలి అబ్బాయి: అడిగొచ్చానక్కా. రాత్రి 22 మందికి ఇద్దరట, అందులో ఒకమ్మాయి ఇంకా ట్రైనింగే. డాక్టరుగారు మేడమీదే ఉంటారు కానీ మత్తు డాక్టరు గుంటూరు నుంచి రావాలట. హైదరాబాద్‌లో బావ అడిగితే "ప్యాకేజీ వివరాలు పంపుతాం సార్" అని ఫోన్ పెట్టేశారు.