రామప్ప ప్రాజెక్టుకు మార్కులు కోశారు. డిగ్రీ పిల్లలకు సైటేషన్ ఇంత అవసరమా?

పాలంపేట_పిల్ల | ఆదివారం రాత్రి 9:12
అందరికీ నమస్తే. నేను హన్మకొండలో బీఏ ఫైనల్ ఇయర్. ఆరో సెమిస్టర్ ప్రాజెక్టు రామప్ప గుడి మీద చేశాను. 38 పేజీలు, కలర్ ఫొటోలు, స్పైరల్ బైండింగ్, అన్నీ పెట్టి ఇచ్చాను. 50కి 24 వేశారు. ఎందుకు సార్ అని అడిగితే "ఎక్కడి నుంచి తీసుకున్నావో లేదు, మూలాలు లేవు" అన్నారు. చివరి పేజీలో రాశాను కదా! గూగుల్, వికీపీడియా, యూట్యూబ్, ఇంకొకటి. ఈ మూడేళ్లలో సైటేషన్ అంటే ఏంటో ఒక్క క్లాసులో కూడా చెప్పలేదు. మేమేమన్నా పీహెచ్‌డీ చేస్తున్నామా? మీరే చెప్పండి, ఇది న్యాయమేనా?

కాజీపేట_ప్యాసింజర్ | రాత్రి 9:15
24 అంటే పాసే కదా చెల్లె. పార్టీ ఎప్పుడు?

కేయూ_రోడ్_జిరాక్స్ | రాత్రి 9:40
పద్దెనిమిదేళ్లుగా డీటీపీ షాపు నడుపుతున్నా. ఈ సంగతి నాకన్నా ఎక్కువ ఎవరికీ తెలియదు. ప్రాజెక్టుల సీజన్ వస్తే రాత్రి పదకొండింటికి కూడా షట్టర్ కొడతారు. "అన్నా, పొద్దున్నే సబ్మిషన్, పోయినేడు ఎవరిదైనా ఉంటే పేరు మార్చి ఇయ్యవా?" అని. ఒక ఏడాది ఒకే ప్రాజెక్టు పదకొండు మంది పేర్లతో పోయింది. అందరూ పాసే. ఒకరికి పేరు మార్చాను గానీ లోపల ధన్యవాదాల పేజీలో పాత పిల్లవాడి తల్లిదండ్రుల పేర్లే ఉండిపోయాయి. అది కూడా ఎవరూ చూడలేదు!

చూడని వాళ్లు చూడకుండా మార్కులు వేస్తున్నారు. ఈ అమ్మాయి కష్టపడి సొంతంగా రాసుకుంటే పట్టుకున్నారు. లింకులు పెట్టలేదని 26 మార్కులు కోస్తారా? అన్యాయం.

సెమిస్టర్_మేడమ్ | రాత్రి 10:21
నేను ఇంకో కాలేజీలో గెస్ట్ ఫ్యాకల్టీని, హిస్టరీ. ఆ సార్ ఎవరో నాకు తెలియదు. కానీ మూలాల పేజీలో "గూగుల్" అని రాయడం ఎలా ఉంటుందంటే, ఈ బియ్యం ఎక్కడివి అని అడిగితే "సంచిలోవి" అన్నట్టు. గూగుల్ పని వెతికి పెట్టడం, మూలం అది కాదు. యూట్యూబ్ కూడా అంతే. వీడియో ఎవరిది, ఎప్పుడు పెట్టారు, ఆయన ఎక్కడ చదివి చెప్పాడు, అది కావాలి. వికీపీడియా అయితే నన్ను మూలంగా చూపించకండి, కింద ఇచ్చిన పుస్తకాలు చూసుకోండి అని తనే చెబుతుంది.

క్లాసులో చెప్పలేదన్నది మాత్రం ఒప్పుకుంటాను. సిలబస్‌లో ఒక పేరా ఉంటుంది, అది కూడా చివరి యూనిట్‌లో. అక్కడికి వచ్చేసరికి పరీక్షలు వచ్చేస్తాయి.

బీటెక్_బాధితుడు | రాత్రి 10:34
ఒక్క నిమిషం. కాపీల మీద యూజీసీ పెట్టిన 2018 రూల్స్ ప్రకారం 10 శాతం వరకు కాపీ కొట్టొచ్చు. వరుసగా 14 పదాల వరకు లెక్కే లేదు. చెల్లె, నీది ఎంత శాతం కలిసిందో సాఫ్ట్‌వేర్ రిపోర్టు అడుగు. రిపోర్టు లేకుండా మార్కులు కోసే హక్కు లేదు.

పాతపుస్తకం | రాత్రి 10:58
లైబ్రరీలో ముప్పై ఒక్క ఏళ్లు చేసి రిటైరయ్యాను. బాబూ, ఆ రూల్స్ సరిగ్గా చదవండి. 10 శాతం లోపు పోలికలుంటే శిక్ష లేదన్నారు గానీ కాపీ కొట్టుకోండి అనలేదు. 10 దాటి 40 దాకా ఉంటే ఆర్నెల్ల లోపు మళ్లీ రాసివ్వాలి, 40 నుంచి 60 అయితే ఏడాది ఆగాలి, 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. ఇదంతా థీసిస్‌ల లెక్క. ఆ 14 పదాలు కూడా అందరూ మామూలుగా వాడే మాటలు అనుకోకుండా కలిస్తే వదిలేయడానికి. పదమూడు పదాలు ఎత్తి, ఒకటి మార్చి, మళ్లీ పదమూడు ఎత్తడానికి కాదు.

అమ్మాయిని ఒకటే అడుగుతాను. వెబ్‌సైట్లు ఏ తేదీన చూశావో రాశావా?

పాలంపేట_పిల్ల | రాత్రి 11:05
తేదీ ఎందుకు సార్? గుడి కట్టి ఎనిమిది వందల ఏళ్లయింది. నేను మార్చిలో చూస్తే ఏంటి, ఏప్రిల్‌లో చూస్తే ఏంటి?

కాజీపేట_ప్యాసింజర్ | రాత్రి 11:06
😂 సార్ అవుట్.

పాతపుస్తకం | రాత్రి 11:30
అవుట్ కాలేదు. రామప్ప గుడి ఉన్న పాలంపేట ఏ జిల్లాలో ఉంది?

పాలంపేట_పిల్ల | రాత్రి 11:32
ములుగు. మా సార్ కూడా ఎర్ర పెన్నుతో ఇదే రాశారు. "నీ ప్రాజెక్టులో పాలంపేట మూడు జిల్లాల్లో ఉంది" అని. 4వ పేజీలో వరంగల్, 11లో జయశంకర్ భూపాలపల్లి, 19లో ములుగు అని వచ్చింది. సైట్లలో అలాగే ఉంది.

పాతపుస్తకం | రాత్రి 11:47
అదేనమ్మా. మూడూ నిజమే. 2016 అక్టోబర్ దాకా అది వరంగల్ జిల్లా, తర్వాత భూపాలపల్లి, 2019 ఫిబ్రవరి నుంచి ములుగు. ఆ పేజీలు రాసిన తేదీ, నువ్వు చూసిన తేదీ పక్కన రాసుకుని ఉంటే ఈ తేడా నీకే కనబడేది. సైటు వాళ్లు రేపు పేజీ మార్చినా, తీసేసినా, నువ్వు చూసిన రోజున అక్కడ అలా ఉందని చెప్పుకోవడానికి ఆ తేదీయే దిక్కు. వేబ్యాక్ మెషీన్ అని ఉంది, పాత పేజీలు దాచి పెడుతుంది. తేదీ ఉంటే అందులో సులువుగా దొరుకుతుంది.

బీటెక్_బాధితుడు | రాత్రి 11:50
ఇంతకీ శాతం ఎంతో చెప్పలేదు.

కేయూ_రోడ్_జిరాక్స్ | సోమవారం ఉదయం 7:25
శాతాల సంగతి నేను చెప్తా తమ్మీ. మా షాపులో తెలుగు టైపింగ్ చాలావరకు అను ఫాంట్లలోనే. బయటికి తెలుగులా కనబడుతుంది గానీ లోపల కంప్యూటర్‌కు అది తెలుగు కాదు, ఇంగ్లీషు అక్షరాల గందరగోళం. సాఫ్ట్‌వేర్‌లో వేస్తే సైట్లలో ఉన్న తెలుగుతో పోలిక దొరకదు. అట్లని అవన్నీ సొంత రాతలా?

సెమిస్టర్_మేడమ్ | ఉదయం 8:10
దొరకదని మీరే గొప్పగా చెప్తున్నారు! ఇదే జబ్బు. పిల్లలు మూలాలు వెతకడం నేర్చుకోకపోవడానికి సగం కారణం మీ షాపులే. పెన్‌డ్రైవ్‌లో రెడీమేడ్ దొరుకుతుంటే వాళ్లెందుకు చదువుతారు?

కేయూ_రోడ్_జిరాక్స్ | ఉదయం 8:31
మేడమ్, మాట జాగ్రత్త. పదకొండు ఒకే రకం ప్రాజెక్టులకు సంతకాలు పెట్టింది నేను కాదు. మా పొట్ట మీద పడకండి.

సెమిస్టర్_మేడమ్ | మధ్యాహ్నం 1:20
క్లాసు అయిపోయి ఇప్పుడే వచ్చాను. సరే, నా సంగతి వినండి. ఎంఫిల్‌లో కాకతీయుల గొలుసుకట్టు చెరువుల మీద ఒక అధ్యాయం రాశాను. ఒకచోట 1213 అని ఉండాల్సింది టైపింగ్‌లో 1231 అయింది, చూసుకోలేదు. నాలుగేళ్ల తర్వాత ఒక పెద్దాయన పుస్తకం వచ్చింది. తిరగేస్తుంటే చెరువుల అధ్యాయంలో 1231 కనబడింది. పైకీ కిందికీ చదివితే పేరాలన్నీ నావే. నా తప్పుతో సహా. ఫుట్‌నోట్‌లో కూడా నా పేరు లేదు. అడిగితే "అందరికీ తెలిసిన చరిత్రే కదమ్మా" అన్నారు. అప్పటి నుంచి ఎవరైనా "లింకులు పెట్టకపోతే ఏం పోయింది" అంటే నాకు ఒళ్లు మండుతుంది.

కేయూ_రోడ్_జిరాక్స్ | మధ్యాహ్నం 1:34
మీకు అన్యాయమే జరిగింది, కాదనను. కానీ ఆ పుస్తకం రాసినాయన జిరాక్స్ షాపువాడు కాదు కదా మేడమ్. మీ లాంటి సారే కదా. ఆయన్ను ఏమీ అనలేక డిగ్రీ పిల్ల మీద పడుతున్నారు.

కాజీపేట_ప్యాసింజర్ | మధ్యాహ్నం 1:36
గట్టిగా తగిలింది.

సెమిస్టర్_మేడమ్ | మధ్యాహ్నం 2:05
దాన్ని వదిలేద్దాం. పాలంపేట_పిల్ల, నీ ప్రాజెక్టులో యాత్రికుడు మార్కో పోలో ఉన్నాడా?

పాలంపేట_పిల్ల | మధ్యాహ్నం 2:12
ఉన్నాడు మేడమ్, మొదటి పేజీలోనే. "ఆలయాల తారామండలంలో అన్నిటికన్నా వెలిగే నక్షత్రం" అని రామప్పను మెచ్చుకున్నాడని రాశాను. బోల్డ్‌లో పెట్టాను. దాని పక్కన సార్ టిక్ కూడా కొట్టారు.

సెమిస్టర్_మేడమ్ | మధ్యాహ్నం 2:48
అనుకున్నాను. ప్రతి ఏడాదీ వచ్చే వాక్యమే ఇది. వార్తల్లో ఉంటుంది, టూరిజం పేజీల్లో ఉంటుంది, 2021 జులైలో యునెస్కో గుర్తింపు వచ్చినప్పుడైతే ఫోన్ తెరిస్తే ఇదే. నేనూ రెండేళ్లు క్లాసులో చెప్పాను. ఒకసారి ఒక పిల్లవాడు లేచి "ఏ పేజీలో ఉంది మేడమ్?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

ఆ రోజు ఇంటికెళ్లి మార్కో పోలో యాత్రల ఇంగ్లీషు అనువాదం తెరిచాను. హెన్రీ యూల్ అనువాదం పాతది, ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది, లోపల మాటలు వెతకొచ్చు. మన ప్రాంతం గురించి ఉన్నది "ముట్‌ఫిలి" అనే అధ్యాయం, అంటే మోటుపల్లి రేవు. వజ్రాల గురించి ఉంది. సాలెగూడులాంటి సన్నటి బట్ట గురించి ఉంది. రాజు పోయాక నలభై ఏళ్లుగా తెలివైన రాణి ఏలుతోందని ఉంది. గుడి మాట లేదు. నక్షత్రం లేదు. ఓరుగల్లు దాకా వచ్చాడని కూడా ఆ అధ్యాయంలో లేదు. పైగా ఆ రాణిని రాజుకు భార్య అనుకున్నాడు. మన రుద్రమదేవి గణపతిదేవుడి కూతురు కదా. అంటే కళ్లారా చూశానన్నవాడి పుస్తకాన్ని కూడా ఇంకోదానితో సరిచూసుకోవాల్సిందే.

కేయూ_రోడ్_జిరాక్స్ | మధ్యాహ్నం 3:02
ఇన్ని సైట్లలో ఉంటే తప్పెట్లయితది మేడమ్?

పాతపుస్తకం | మధ్యాహ్నం 3:15
పదకొండు ప్రాజెక్టుల్లో ఒకే మాట ఉంటే పదకొండు మంది చెప్పినట్టా, మీ పెన్‌డ్రైవ్ ఒక్కటి చెప్పినట్టా?

కేయూ_రోడ్_జిరాక్స్ | మధ్యాహ్నం 3:17
...సార్ మీరు భలే పట్టుకుంటారు.

బీటెక్_బాధితుడు | మధ్యాహ్నం 3:25
చాట్‌జీపీటీని అడిగితే సోర్సులతో సహా ఇస్తుంది, ఈ బాధ లేదు.

పాతపుస్తకం | మధ్యాహ్నం 3:40
ఇస్తుంది. పోయిన నెల మా మనవడికి రచయిత పేరు, పుస్తకం పేరు, పేజీ నంబరుతో సహా ఇచ్చింది. నాకు తెలిసిన లైబ్రరీలన్నిటికీ ఫోన్లు చేశాను. అట్లాంటి పుస్తకమే లేదు.

పాలంపేట_పిల్ల | రాత్రి 8:50
అందరూ చెప్పింది చదివాను. ఇప్పుడు నేను అసలు సంగతి చెప్తాను. నిన్న చెప్పడానికి నామోషీ అనిపించింది.

చివరి పేజీలో "ఇంకొకటి" అన్నాను కదా, అది మా నానమ్మ. మాది పాలంపేటే. నానమ్మ చెప్పినవి 22 నుంచి 25 దాకా నాలుగు పేజీలు రాశాను. శివరాత్రికి చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఎడ్లబండ్ల మీద వచ్చి గుడి ముందర ఎట్ల దిగేవాళ్లు, పొలంలో ఉండగా వాన ముంచుకొస్తే మేకలతో సహా మంటపంలోకి ఎట్ల పరిగెత్తేవాళ్లు, చెరువు నీళ్లు ముందు ఎవరి మడికి, తర్వాత ఎవరి మడికి. ఇవి ఏ సైటులోనూ లేవు. సార్ ఆ నాలుగు పేజీల మీద అడ్డంగా గీత కొట్టి "సొంత కథలు వద్దు" అని రాశారు.

మార్కో పోలో అనని మాటకు టిక్కు. మా నానమ్మ అన్న మాటకు గీత. నా కోపం మార్కుల మీద కాదు మేడమ్.

కాజీపేట_ప్యాసింజర్ | రాత్రి 8:58
ఇది ముందే చెప్పొచ్చు కదా చెల్లె.

సెమిస్టర్_మేడమ్ | రాత్రి 9:30
ఆ గీత కొట్టడం తప్పే. కానీ నేను పూర్తిగా నీ వైపు రాలేను. గుడి కట్టిన 1213 గురించి మీ నానమ్మ సాక్షి కాదు. అప్పటిది శాసనమే చెప్పాలి. శివరాత్రి బండ్ల గురించి, చెరువు నీళ్ల వంతుల గురించి అయితే ఆమెను మించిన మూలం లేదు. ఏది దేనికి సాక్ష్యమో నువ్వు విడదీసి రాశావా, కలిపేశావా?

పాలంపేట_పిల్ల | రాత్రి 9:41
కలిపేశాను. కానీ మేడమ్, శిల్పి పేరు మీద గుడికి రామప్ప అని పేరొచ్చిందని అన్ని సైట్లలో ఉంది. అది కూడా ఊళ్లో తరతరాలుగా చెప్పుకునే మాటే కదా. నానమ్మ చెప్తే కథ, సైటులో వస్తే చరిత్రా?

సెమిస్టర్_మేడమ్ | రాత్రి 10:15
దీనికి నా దగ్గర వెంటనే జవాబు లేదు. "స్థానికుల కథనం ప్రకారం" అని రాయాలి, నానమ్మ మాటకైనా, సైటు మాటకైనా.

పాతపుస్తకం | రాత్రి 10:22
నోటిమాటను మూలంగా చూపించే పద్ధతి ఉందమ్మా. ఎవరు చెప్పారు, వయసు, ఊరు, ఏ తేదీన, ఎక్కడ కూర్చుని విన్నావు, రికార్డు చేశావా, రాసుకున్నావా. ఆమె ఒప్పుకుంటేనే పేరు. ఇవి రాసుకుని రివాల్యుయేషన్‌కు పెట్టు.

కేయూ_రోడ్_జిరాక్స్ | రాత్రి 10:26
ఆ నాలుగు పేజీలు నేను టైప్ చేసిస్తా బిడ్డా, పైసలొద్దు. కంప్యూటర్ తెలుగుగా గుర్తుపట్టే యూనికోడ్‌లోనే కొడతా, మేడమ్ గారికి దొరికేటట్టు.

పాలంపేట_పిల్ల | మంగళవారం ఉదయం 6:50
థాంక్స్ అన్నా. నానమ్మకు ఫోన్ చేశాను సార్. పేరు రాసుకో అంది. వయసెంత నానమ్మా అంటే "నాకేం తెలుసు, ఆధార్‌ల ఎంతుంటే అంత రాయి" అంది.

పాతపుస్తకం | ఉదయం 6:58
ఆధార్ చూసిన తేదీ కూడా రాయమ్మా.