ఓపెన్‌సోర్స్ ఫైర్‌వాల్‌కి ఏ నెట్‌వర్క్ కార్డు? ఎన్‌క్రిప్షన్ హార్డ్‌వేర్ ఎక్కడ పనికొస్తుంది?

గేట్‌వే_గోపురం:
పీఎఫ్‌సెన్స్ గానీ ఓపీఎన్‌సెన్స్ గానీ (రెండూ ఓపెన్‌సోర్స్ ఫైర్‌వాల్ సాఫ్ట్‌వేర్లు) వేయడానికి నాలుగు కోర్ల చిన్న బాక్స్ ఎంచుకోవాలి. లైను 1 గిగాబిట్, పీపీపీఓఈ (యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో లైను కంపెనీకి లాగిన్ అయ్యే పద్ధతి) మీద. రెండు ఆఫీసుల మధ్య ఐపీసెక్ టన్నెల్ (ఎన్‌క్రిప్ట్ చేసిన దారి), బయటి నుంచి లాగిన్ అయ్యేవాళ్లకు ఓపెన్‌వీపీఎన్. రియల్‌టెక్ పోర్టులున్న బోర్డు తీసుకోవచ్చా? ఏఈఎస్-ఎన్ఐ (ఎన్‌క్రిప్షన్‌ని వేగం చేసే సూచనలు) ఉన్న ప్రాసెసర్ సరిపోతుందా, క్యూఏటీ (అదే పనికి ఇంటెల్ ఇచ్చే విడి యంత్రం) కూడా ఉండాలా?

తీగల_గూడు:
రెండూ ఫ్రీబీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ మీద నడిచేవే అండి. లినక్స్‌లో బాగా పనిచేసిన కార్డు ఇక్కడా అలాగే పనిచేస్తుందన్న భరోసా లేదు. డబ్బా మీది పేరు కాదు, లోపలి చిప్‌ని ఏ డ్రైవర్ పట్టుకుంటుందో చూడాలి. ఇంటెల్‌లో ఐ210, ఐ350 చిప్‌లకు ఐజీబీ, ఐ225, ఐ226లకు ఐజీసీ, 82599, ఎక్స్540, ఎక్స్550లకు ఐఎక్స్, ఎక్స్710కి ఐఎక్స్ఎల్. వీటిలో దేన్ని తీసుకున్నా సగం బాధ తీరినట్టే.

రియల్‌టెక్‌ది ఆర్ఈ డ్రైవర్. లోడు పెరిగినప్పుడు లాగ్‌లో "ఆర్ఈ0: వాచ్‌డాగ్ టైమౌట్" అని పడి లింకు తెగి మళ్లీ వస్తుంది. పంపాల్సిన ప్యాకెట్ల క్యూ నిర్ణీత సమయంలో కదలకపోతే డ్రైవర్ చిప్‌ని రీసెట్ చేస్తుంది, జరిగేది అదే. మామూలు లైనైతే కొన్ని సెకన్లతో పోతుంది. పీపీపీఓఈ అయితే సెషన్ మొత్తం మళ్లీ మొదటి నుంచి.

బోర్డు ఇప్పటికే చేతిలో ఉంటే తయారీదారు డ్రైవర్ వేయండి. ఓపీఎన్‌సెన్స్‌లో ఓఎస్-రియల్‌టెక్-ఆర్ఈ ప్లగిన్ ఉంది. పీఎఫ్‌సెన్స్‌లో రియల్‌టెక్-ఆర్ఈ-కెమాడ్ ప్యాకేజీ వేసి, లోడర్ డాట్ కాన్ఫ్ డాట్ లోకల్ ఫైల్లో రెండు వరుసలు చేర్చాలి: మాడ్యూల్‌ని లోడ్ చేయమని ఒకటి, ఆ మాడ్యూల్ ఫైలు పూర్తి దారి ఒకటి. రెండోది మరిచిపోతే కెర్నల్‌లోని పాత డ్రైవరే కార్డుని పట్టుకుంటుంది, ప్యాకేజీ వేసినా ఏమీ మారదు. పెద్ద వెర్షన్‌కి వెళ్లిన ప్రతిసారీ ఏ డ్రైవర్ లోడ్ అయిందో బూట్ సందేశాల్లో మళ్లీ చూడాలి.

ప్యాకెట్_వేట:
2.5 గిగాబిట్ పోర్టులు కావాలంటే ఐ226 తీసుకోండి. పాత బాక్సుల్లో వచ్చే ఐ225కి మొదటి స్టెప్పింగులలో (చిప్ తొలి కూర్పుల్లో) ప్యాకెట్ల మధ్య విరామం సరిగా పాటించని లోపం ఉంది. 2.5 వేగంలో కొన్ని స్విచ్‌లతో కలిపితే ప్యాకెట్లు పోతాయి. బీ3లో సరిచేశారు. పీసీఐకాన్ఫ్ కమాండ్‌ని ఎల్, వీ ఆప్షన్లతో నడిపితే ఐ225-వీకి డివైస్ నంబర్ 15ఎఫ్3 కనిపిస్తుంది. పక్కన రివిజన్ 03 ఉంటే అది బీ3. ఐ226-వీ అయితే 125సీ.

అదే కమాండ్‌కి సీ ఆప్షన్ కలిపితే స్లాట్ లింకు వెడల్పు కూడా తెలుస్తుంది. 10 గిగాబిట్ రెండు పోర్టుల ఎక్స్520 కార్డుకి ఎనిమిది పీసీఐ ఎక్స్‌ప్రెస్ లేన్లు కావాలి. రెండో తరం నాలుగు లేన్ల స్లాట్‌లో పెడితే దక్కేది మొత్తం 16 గిగాబిట్లే: ఒక పోర్టుకి చాలు, రెండూ నిండుగా నడవవు. స్లాట్ చూడటానికి పొడవుగా ఉన్నా లోపల నాలుగు లేన్లకే తీగలుండే బోర్డులు చాలా ఉన్నాయి, బోర్డు మాన్యువల్ చూడకుండా కొనొద్దు. ఇంకోటి, ఎక్స్520లో ఇంటెల్‌వి కాని ఎస్‌ఎఫ్‌పీ ప్లస్ మాడ్యూళ్లు (కేబుల్ తగిలించే చిన్న ముక్కలు) పెడితే పోర్టు లేవకపోవచ్చు. హెచ్‌డబ్ల్యూ డాట్ ఐఎక్స్ డాట్ అన్‌సపోర్టెడ్_ఎస్‌ఎఫ్‌పీ విలువని 1 చేసి రీబూట్ చేయాలి.

గేట్‌వే_గోపురం:
మరి పీపీపీఓఈ ట్రాఫిక్ నాలుగు కోర్లకీ పంచబడుతుందా?

కెర్నల్_కబుర్లు:
దానంతట అది పంచబడదు, చాలామంది కార్డుని అనవసరంగా నిందించేది ఇక్కడే. కార్డు లోపలి ఆర్ఎస్ఎస్ హాష్ ఐపీ అడ్రసులూ పోర్టులూ చూసి ప్యాకెట్లని క్యూలకి పంచుతుంది. పీపీపీఓఈ ఫ్రేమ్‌లో ఐపీ హెడర్ ఇంకో పొర లోపల ఉంటుంది. కార్డుకి అది కనబడదు కాబట్టి వచ్చే ట్రాఫిక్ అంతా ఒకే క్యూలో, ఒకే కోర్ మీద పడుతుంది. నాలుగు క్యూల ఐ210 పెట్టినా మూడు క్యూలు ఖాళీగా కూర్చుంటాయి. టాప్ కమాండ్‌ని క్యాపిటల్ ఎస్, హెచ్ ఆప్షన్లతో తెరిచి స్పీడ్ టెస్ట్ నడపండి. ఒక కోర్ నిండిపోయి మిగతావి ఖాళీగా ఉంటే కారణం ఇదే.

మందు: నెట్ డాట్ ఐఎస్ఆర్ డాట్ డిస్పాచ్ విలువని డిఫర్డ్‌గా మార్చాలి. అప్పుడు పీపీపీఓఈ పొర విప్పాక కెర్నల్ ప్యాకెట్లని మిగతా కోర్లకి పంచుతుంది. మాక్స్‌థ్రెడ్స్ మైనస్ 1, బైండ్‌థ్రెడ్స్ 1 ఉండాలి. నెట్‌స్టాట్‌ని క్యాపిటల్ అక్షరం క్యూ (Q) ఆప్షన్‌తో నడిపితే పంపకం అంకెలు కనిపిస్తాయి. పీఎఫ్‌సెన్స్ 2.8లో కెర్నల్‌లోనే నడిచే ఇఫ్_పీపీపీఓఈ వచ్చింది. అడ్వాన్స్‌డ్, నెట్‌వర్కింగ్ పేజీలో దాన్ని ఎంచుకుంటే పాత పద్ధతి కంటే చాలా తేలిక.

రూటింగ్_రథం:
వీపీఎన్ సంగతికొస్తే, ఓపెన్‌వీపీఎన్ సర్వర్ పేజీలో హార్డ్‌వేర్ క్రిప్టో దగ్గర బీఎస్‌డీ క్రిప్టోడెవ్ ఎంచుకుంటే ఏఈఎస్-ఎన్ఐ పనిచేస్తుంది.

సైఫర్_చింత:
రథం గారూ, అలా చేస్తే చాలాసార్లు వేగం తగ్గుతుందండి. ఓపెన్‌వీపీఎన్ యూజర్‌స్పేస్‌లో (కెర్నల్ బయట) నడుస్తుంది, ఎన్‌క్రిప్షన్‌కి ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ లైబ్రరీని వాడుకుంటుంది. ఏఈఎస్-ఎన్ఐ అంటే ప్రాసెసర్‌లోని మామూలు సూచనలే కాబట్టి ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ వాటిని ఏ సెట్టింగూ లేకుండా నేరుగా పిలుస్తుంది. క్రిప్టోడెవ్ పెడితే ప్రతి ప్యాకెట్టూ కెర్నల్‌లోకి వెళ్లి అవే సూచనల దగ్గరికి చుట్టుదారిలో వస్తుంది. అక్కడ ఏమీ ఎంచుకోకుండా వదిలేయడమే సరి.

పరీక్షించుకోవాలంటే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ స్పీడ్ కమాండ్‌ని ఈవీపీ ఆప్షన్‌తో ఏఈఎస్-256-జీసీఎం అనే సైఫర్ (ఎన్‌క్రిప్షన్ పద్ధతి) మీద నడపండి. ఈవీపీ లేకుండా నడిపిన ఫలితం నమ్మొద్దు, అది వేరే దారి. తర్వాత ఐఏ32క్యాప్ వేరియబుల్‌తో 57, 33 బిట్లని మూసి మళ్లీ నడపండి. మొదటిది ఏఈఎస్-ఎన్ఐ, రెండోది జీసీఎంలోని గుణకారానికి వాడే పీసీఎల్ఎంయూఎల్. రెండు ఫలితాలూ దాదాపు ఒకటే అయితే ఏఈఎస్-ఎన్ఐ బయాస్‌లో ఆపేసి ఉండవచ్చు, లేదా వర్చువల్ మెషీన్‌కి అందడం లేదు. వర్చువల్ మెషీన్లు నడిపే ప్రాక్స్‌మాక్స్‌లో సీపీయూ రకం కేవీఎం64 ఉంటే గెస్ట్‌కి ఏఈఎస్ కనబడదు, హోస్ట్ అని పెట్టాలి.

ఐపీసెక్ లెక్క వేరు. అది కెర్నల్‌లో నడుస్తుంది కాబట్టి ఏఈఎస్‌ఎన్ఐ మాడ్యూల్ ఉండి తీరాలి. బూట్ సందేశాల్లో ఏఈఎస్‌ఎన్ఐ0 అనే వరుస, దాని పక్కన జీసీఎం కనిపించాలి. సైఫర్ కూడా ఏఈఎస్-జీసీఎం పెట్టండి. సీబీసీ అనే ఇంకో పద్ధతిలో ఒక బ్లాక్ ఎన్‌క్రిప్ట్ అయ్యాకే తర్వాతిది మొదలవుతుంది. పైగా సమగ్రత (దారిలో డేటా మారలేదన్న తనిఖీ) కోసం ఎస్‌హెచ్ఏ హాష్ విడిగా లెక్కించాలి. ఆ హాష్‌కి ఏఈఎస్-ఎన్ఐ సాయం లేదు. జీసీఎం బ్లాకులు సమాంతరంగా సాగుతాయి, సమగ్రత అందులోనే ఉంది. ఐపీసెక్ అడ్వాన్స్‌డ్ పేజీలో అసింక్రనస్ క్రిప్టోగ్రఫీ టిక్ చేస్తే పని ఒక్క కోర్‌కే కట్టుబడకుండా ఉంటుంది.

క్యూఏటీ మీ పనికి అక్కర్లేదు. అది ఆటమ్ సీ3558, సీ3758 లాంటి చిప్‌లలో ఉండే విడి యంత్రం. ఆ ఆటమ్ కోర్లు బలహీనమైనవి కాబట్టి అక్కడ ఐపీసెక్‌కి మంచి ఊతం. నడుస్తోందో లేదో వీఎంస్టాట్ ఐ ఆప్షన్‌లో క్యూఏటీ ఇంటరప్టుల అంకె పెరగడం చూసి చెప్పవచ్చు. మామూలు ఓపెన్‌వీపీఎన్ దాన్ని తాకదు. వైర్‌గార్డ్ అనే ఇంకో వీపీఎన్‌ది చాచా20 సైఫర్, దానికి ఏఈఎస్-ఎన్ఐ వల్ల ఒరిగేదేమీ లేదు. పీఎఫ్‌సెన్స్‌కి ఏఈఎస్-ఎన్ఐ తప్పనిసరి చేస్తామని 2017లో ప్రకటించి 2019లో ఆ మాట వెనక్కి తీసుకున్నారు. అయినా ఇవాళ అది లేని ప్రాసెసర్ కొనడానికి కారణమేదీ లేదు.

రూటింగ్_రథం:
అర్థమైంది, నా సలహా వెనక్కి తీసుకుంటున్నాను. ఓపెన్‌వీపీఎన్ ఒకే థ్రెడ్ మీద నడుస్తుంది కాబట్టి కోర్ల సంఖ్య కంటే ఒక్కో కోర్ వేగమే చూడాలి, అంతేనా?

సైఫర్_చింత:
అంతే. డీసీఓ అనే సౌకర్యం ఉన్న వెర్షన్‌లో మాత్రం డేటా పని కెర్నల్‌లోకి మారుతుంది. దానికి యూడీపీ, జీసీఎం లేదా చాచా20-పాలీ1305 ఉండాలి.

తీగల_గూడు:
వర్చువల్ మెషీన్ మాట వచ్చింది కాబట్టి: వీటీనెట్ (వర్చువల్ నెట్‌వర్క్ కార్డు) ఇంటర్‌ఫేస్‌లలో హార్డ్‌వేర్ చెక్‌సమ్ ఆఫ్‌లోడ్ ఆపేయండి. పింగ్ వెళ్తుంది, పేజీలు తెరుచుకోవు అన్న ఫిర్యాదుకి తరచుగా ఇదే కారణం. టీఎస్ఓ, ఎల్ఆర్ఓ (ప్యాకెట్లని విడదీసే, కలిపే సెట్టింగులు) ఏ రూటర్‌లోనైనా ఆఫ్‌లోనే ఉండాలి, ముఖ్యంగా ఎల్ఆర్ఓ. అది వచ్చిన ప్యాకెట్లని కలిపి పెద్దది చేస్తుంది, వేరే యంత్రానికి పంపాల్సిన ప్యాకెట్‌ని అలా కలపకూడదు. చొరబాట్లని పట్టే సురికాటాని ఇన్‌లైన్‌లో నడపాలంటే వీటితో పాటు వీలాన్ హార్డ్‌వేర్ ఫిల్టరింగ్ కూడా ఆపాలి, ఎందుకంటే అది వాడే నెట్‌మ్యాప్ ప్యాకెట్లని కార్డు రింగుల నుంచి నేరుగా తీసుకుంటుంది.

గేట్‌వే_గోపురం:
అయితే ఐ226 పోర్టులు, ఏఈఎస్-ఎన్ఐ ఉండి కోర్ వేగం ఎక్కువున్న ప్రాసెసర్, ఐపీసెక్‌కి ఏఈఎస్-జీసీఎం. క్యూఏటీ వదిలేస్తాను. పెట్టాక వేగం ఫైర్‌వాల్ మీదే ఐపర్ఫ్3 నడిపి చూస్తే సరిపోతుందా?

ప్యాకెట్_వేట:
వద్దండి. ఫైర్‌వాల్ మీద ఐపర్ఫ్3 నడిపితే ఆ ప్రోగ్రామే కోర్లు తినేస్తుంది, రూటింగ్ వేగం తెలియదు. ఒక యంత్రం లాన్ వైపు, ఒకటి వాన్ వైపు పెట్టి మధ్యలోంచి పంపండి. ముందు ఒకే స్ట్రీమ్, తర్వాత క్యాపిటల్ పీ ఆప్షన్‌తో నాలుగు, తర్వాత క్యాపిటల్ ఆర్‌తో ఎదురు దిశ. ఒక స్ట్రీమ్‌కీ నాలుగింటికీ తేడా లేకుండా ఒకే కోర్ నిండుతుంటే సమస్య క్యూలలో ఉంది. కోర్లు ఖాళీగా ఉండి కూడా వేగం రాకపోతే నెట్‌స్టాట్ ఐ ఆప్షన్‌లో ఎర్రర్ల వరుస, డెవ్ డాట్ ఐజీసీ డాట్ 0 కింద మ్యాక్_స్టాట్స్‌లో మిస్డ్_ప్యాకెట్స్ చూడండి. ఎర్రర్లు పెరుగుతుంటే ముందు కేబుల్ మార్చి చూడండి.