250 టన్నుల మెషీన్ మీద స్ట్రక్చరల్ ఫోమ్ కవరు వేయవచ్చా?

ప్రశ్న: జీడిమెట్ల మౌల్డర్

అందరికీ నమస్కారం. మాది జీడిమెట్లలో చిన్న ఇంజెక్షన్ మౌల్డింగ్ యూనిట్. ల్యాబ్ పరికరాలు తయారుచేసే ఒక కస్టమర్ 600 మి.మీ. పొడవు, 400 మి.మీ. వెడల్పు గల ఏబీఎస్ ప్లాస్టిక్ కవరు అడుగుతున్నారు. లోపలి వైపు బరువైన భాగాలు బిగించడానికి లావుపాటి బాస్‌లు (స్క్రూలు పట్టే దిమ్మెలు), రిబ్బులు (బలానికి పెట్టే పట్టీలు) ఉన్నందువల్ల మామూలు పద్ధతిలో వేస్తే పైముఖం మీద సింక్ మార్కులు (గుంటలు) తప్పేలా లేవు. మా దగ్గరున్న వాటిలో పెద్దది 250 టన్నుల మెషీన్, అంటే అచ్చును మూసి పట్టి ఉంచే బలం అంత. బ్లోయింగ్ ఏజెంట్ (ప్లాస్టిక్‌లో గ్యాసు పుట్టించే పదార్థం) కలిపి తక్కువ పీడనంతో స్ట్రక్చరల్ ఫోమ్‌గా (లోపల గ్యాసు బుడగలు, పైన గట్టి పొర ఉండేలా) వేస్తే ఈ మెషీన్ సరిపోతుందా? తేలికగా ఉంటుందంటున్నారు సరే, గట్టిదనం మాటేమిటి?

జవాబు: బాలానగర్ టూల్‌రూమ్

క్లాంపు బలం విషయంలో మీకు ఇబ్బంది ఉండదండి. మీ కవరు ముఖ వైశాల్యం 2400 చదరపు సెం.మీ. మామూలు ఇంజెక్షన్‌లో అచ్చు లోపలి పీడనం చదరపు సెంటీమీటరుకు 300 కిలోలు అనుకుంటే 720 టన్నులు పట్టి ఉంచాలి. ఫోమ్ పద్ధతిలో అచ్చును పూర్తిగా నింపకుండా షార్ట్ షాట్ కొట్టి వదిలేస్తాం. కరిగిన ప్లాస్టిక్‌లోని గ్యాసే వ్యాకోచించి మిగిలిన ఖాళీని నింపుతుంది కాబట్టి లోపలి పీడనం 30 కిలోల దరిదాపుల్లోనే ఉంటుంది, అంటే 72 టన్నులు చాలు. రిబ్బు మూలాల దగ్గర ప్లాస్టిక్ కుంచించుకుపోతున్నప్పుడు లోపలి గ్యాసు దాన్ని బయటికి నెడుతూనే ఉంటుంది, అందుకే సింక్ మార్కులు పడవు. పీడనం ఇంత తక్కువ కనుక అల్యూమినియం అచ్చు కూడా నిలుస్తుంది. ఆర్డరు పరిమాణం చిన్నదైతే స్టీలు జోలికి పోవద్దని నా సలహా. షట్-ఆఫ్ నాజిల్ (షాట్ అయ్యాక మూసుకునే మూతి) మాత్రం తప్పనిసరి, లేకపోతే గ్యాసుతో పొంగిన ప్లాస్టిక్ నాజిల్ ముందు కారిపోతూనే ఉంటుంది.

జవాబు: చర్లపల్లి ప్రాసెస్ ఇంజనీరు

పై లెక్క సరైనదే కాని, ఇక్కడ అసలు అడ్డంకి టన్నేజీ కాదు, షాట్ బరువు, అంటే ఒక్కసారికి అచ్చులోకి నెట్టాల్సిన ప్లాస్టిక్ బరువు. ఫోమ్ భాగానికి గోడ మందం కనీసం 4 మి.మీ., సాధారణంగా 6 మి.మీ. పెడతారు. పైముఖం ఒక్కటే 6 మి.మీ. మందంతో లెక్కిస్తే 1440 ఘన సెం.మీ. అవుతుంది, సాంద్రత 15 శాతం తగ్గించినా దాదాపు 1285 గ్రాములు, పక్క గోడలు, రిబ్బులు దీనికి అదనం. 250 టన్నుల మెషీన్లలో చాలావాటి బ్యారెల్‌కు (ప్లాస్టిక్‌ను కరిగించే గొట్టానికి) ఇంత సామర్థ్యం ఉండదు. అచ్చు టై బార్ల (మెషీన్ ప్లేట్లను కలిపే లావు కడ్డీల) మధ్య పడుతుందో లేదో కూడా టేపు పెట్టి కొలవండి. వెడల్పు వైపును బార్ల మధ్య ఉంచి, క్రేనుతో పైనుంచి దింపవలసి రావచ్చు.

గట్టిదనం గురించి ప్రచారంలో ఉన్న మాటలను కాస్త తగ్గించి వినాలి. 4 మి.మీ. ఘన గోడకు బదులు, 20 శాతం సాంద్రత తగ్గించిన 5 మి.మీ. ఫోమ్ గోడ వేస్తే బరువు సరిగ్గా అంతే ఉంటుంది. మందం ఘనానికి (క్యూబ్‌కు) అనుగుణంగా వంపు నిరోధం 1.95 రెట్లు పెరిగినా, ఫోమ్ కావడం వల్ల మాడ్యులస్ (పదార్థపు బిగువు) సుమారు 0.64 వంతుకు పడిపోతుంది కాబట్టి చివరికి మిగిలే లాభం పాతిక శాతమే. పైన ఘనమైన పొర ఉన్నందున వాస్తవంలో ఇంకొంచెం మెరుగ్గా ఉంటుంది. అంటే వంగకుండా నిలవడంలో ఫోమ్‌దే పైచేయి. దెబ్బకు తట్టుకోవడంలో మాత్రం అది ఘన ప్లాస్టిక్ కంటే బలహీనమే, కింద పడే అవకాశమున్న వస్తువులకు నేనైతే దీన్ని సూచించను.

ప్రశ్న వేసినవారు: జీడిమెట్ల మౌల్డర్

ఇద్దరికీ ధన్యవాదాలు. మా మెషీన్ ప్లేటు మీద షాట్ సామర్థ్యం 700 గ్రాములని ఉంది, కనుక మా దగ్గర సాధ్యం కాదని తేలిపోయింది. ఇది బల్ల మీద ఉండే పరికరం కాబట్టి దెబ్బల భయం లేదు. పెద్ద బ్యారెల్ ఉన్న యూనిట్‌లో జాబ్ వర్క్‌కు ఇస్తే ధర చెప్పేటప్పుడు దేన్ని మరిచిపోకూడదు?

జవాబు: చర్లపల్లి ప్రాసెస్ ఇంజనీరు

సైకిల్ టైమును (ఒక్కో భాగం వేయడానికి పట్టే సమయాన్ని), పెయింటును మరవకండి. చల్లారే సమయం మందం వర్గానికి (స్క్వేర్‌కు) అనుగుణంగా పెరుగుతుంది, పైగా ఫోమ్ వేడిని లోపలే పట్టి ఉంచుతుంది. తొందరపడి ముందే బయటికి తీస్తే, లోపలి గ్యాసు ఒత్తిడికి బాస్‌ల దగ్గర ముఖం ఉబ్బుతుంది. వెలుపలి పొర మీద సుడుల మచ్చలు ఎలాగూ పడతాయి కాబట్టి ప్రైమర్, పెయింటు తప్పవు. అయితే అచ్చులోంచి తీసిన భాగాలను గ్యాసు బయటికి పోయేదాకా, కనీసం ఒకటి రెండు రోజులు, అరల్లో ఆరనివ్వకుండా పెయింట్ చేస్తే బుడగలు లేస్తాయి. ఆ అరలకు పట్టే చోటు అద్దెను కూడా కొటేషన్‌లో కలపండి.