అప్‌డేట్: శీలావతులు ఎందుకు ఎగురుతున్నాయో తెలిసింది

కైకలూరు దగ్గర మా చెరువులో శీలావతి చేపలు ఊరికే పైకి ఎగురుతున్నాయి, బొంగులకు ఒరుసుకుంటున్నాయి, మేత వదిలేస్తున్నాయి, ఆక్సిజన్ తగ్గిందా అని అడిగాను కదా. ఆక్సిజన్ కాదండీ, చేప ఒంటిని పట్టుకుని రక్తం పీల్చే పేను. అదే ఆర్గులస్.

మీలో ఒకరు చెప్పినట్టు వల వేసి, రెక్కల మొదళ్ల దగ్గర వెతికాం. బిళ్లలా పలచగా, ఒంటి రంగులో కలిసిపోయి ఉంది. రెండు నల్లటి కళ్లే పట్టించాయి. గోటితో గీకితే పక్కకు పాకింది, కింద ఎర్రటి మచ్చ. అదే చెరువులోని బొచ్చె చేపలకు పెద్దగా లేదు, శీలావతులకే ఎక్కువ.

మందు మత్స్యశాఖ వాళ్లని అడిగి వేశాం. మోతాదు చెరువు లోతును బట్టి మారుతుంది కాబట్టి ఇక్కడ రాయను, దయచేసి ఉజ్జాయింపుగా వేయకండి. పైగా మందుకు గుడ్లు చావవు. ఈ పేను చేపను వదిలి వచ్చి గట్టి వస్తువుల మీద గుడ్లు పెడుతుంది. తవుడు సంచులు కట్టే బొంగులు పీకి చూస్తే వరసలు వరసలుగా ఉన్నాయి! ఇప్పుడు వారం వారం బొంగులు తీసి ఎండలో పడేస్తున్నాం, ఎండబెట్టినవి దింపుతున్నాం.

చేపలు మేత తింటున్నాయి, తవుడు సంచులు మళ్లీ ఖాళీ అవుతున్నాయి. చాలా టెన్షన్ తగ్గింది, అందరికీ థ్యాంక్స్. చెరువులో కొత్త చేపపిల్ల వదిలేవాళ్లు ముందు రెక్కల కింద చూసుకోండి.