సైంధవ లవణానికి మారితే బీపీ తగ్గుతుందా? ఉప్పే తగ్గించాలా?

తెనాలి కోడలు:
మా మామయ్యగారికి అరవై నాలుగేళ్ళు. పోయిన నెల బీపీ 160/100 ఉంటే డాక్టరుగారు మాత్ర రాసి, ఉప్పు తగ్గించమన్నారు. మర్నాడే మా ఆడపడుచు సైంధవ లవణం తెచ్చిపెట్టింది. "ఇది బీపీకి మంచిదేగా" అంటూ మామయ్యగారు ఇప్పుడు పెరుగన్నంలోనూ కలుపుకుంటున్నారు. నాకేమో టెన్షన్.

కృష్ణాతీరం:
మారిస్తే చాలండీ. మా ఇంట్లో మూడేళ్ళుగా సైంధవమే. ఆయుర్వేదం ఉప్పులన్నింటిలో దాన్నే శ్రేష్ఠమంది. అయినా తాతల నాటి నుంచి ఆవకాయ తింటున్నాం, వాళ్ళకి బీపీలున్నాయా?

పసుపుకొమ్ము:
ఆయుర్వేదం మాట కాదనను. కానీ సైంధవంలోనూ దాదాపు అంతా సోడియం క్లోరైడే. బీపీ పెంచేది ఆ సోడియమే. పైగా అయోడిన్ కలపని రకమైతే ఇంట్లో పిల్లలకి అదో లోటు. ఇక తాతలకి బీపీ లేదని ఎలా చెబుతాం? చూసే మిషనే ఊళ్ళో లేదు. మా తాతకి కాలూ చెయ్యీ పడిపోతే "గాలి సోకింది" అన్నారు, అంతే.

తెనాలి కోడలు గారూ, ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు 5 గ్రాముల లోపే ఉండాలంటుంది. అంటే చిన్న చెంచాడు, అన్నీ కలిపి. మీ ఇంట్లో కిలో ప్యాకెట్ ఎన్నాళ్ళొస్తుందో చూడండి. మేం నలుగురం, నెలకి అయిపోయేది. భాగిస్తే తలకి 8 గ్రాముల పైనే! ఆవకాయ, అప్పడాలు, బయట కొనే మిక్చరు ఆ లెక్కలోకి రానే లేదు. ఆవకాయ కలిపేటప్పుడు ఉప్పు తగ్గిస్తే బూజు పడుతుంది కాబట్టి, కంచంలో వేసుకునే ముక్కే తగ్గించాలి.

గట్టుమీద రైతు:
ఎండలో పనిచేసే మాబోటి వాళ్ళం చప్పిడి తింటే కళ్ళు తిరుగుతాయన్నా. అందరికీ ఒకటే కొలతా?

పసుపుకొమ్ము:
రోజంతా చెమటోడ్చే మీ సంగతి వేరు తమ్ముడూ. నేను చెప్పేది నీడపట్టున ఉంటూ బీపీ మాత్ర మొదలైన మనిషి గురించి.

కృష్ణాతీరం:
మరి షాపులో అమ్మే తక్కువ సోడియం ఉప్పు సంగతో?

పసుపుకొమ్ము:
దానికి ఆధారం ఉంది. చైనాలో 600 ఊళ్ళలో సుమారు 21,000 మంది మీద పరీక్షించారు, ఫలితాలు 2021లో వచ్చాయి. కొంత సోడియం బదులు పొటాషియం కలిపిన ఉప్పు వాడినవాళ్ళలో పక్షవాతాలు 14 శాతం తగ్గాయి. కానీ కిడ్నీ జబ్బున్నవాళ్ళకీ, పొటాషియం పెంచే రకం బీపీ మాత్రలు వాడేవాళ్ళకీ అది ప్రమాదం. డాక్టర్ని అడక్కుండా కొనకండి.

తెనాలి కోడలు:
కొత్త ప్యాకెట్ మీద ఇవాళ్టి తేదీ పెన్నుతో రాశాను. బల్ల మీది ఉప్పు గిన్నె తీసేశాను. మధ్యాహ్నం పప్పులో ఉప్పు సగమే వేసి నిమ్మకాయ పిండితే మామయ్యగారు ఏమీ అనలేదు. రాత్రి మాత్రం ఊరమిరపకాయలు అడిగారు. ఒక్కటి వేయించి పెట్టాను.