అప్‌డేట్: ఆంటీసెన్స్ ఆలిగో ఎట్టకేలకు పనిచేసింది

ఆంటీసెన్స్ ఆలిగో (ఎంఆర్ఎన్ఏకు అతుక్కుని దాన్ని తగ్గించేలా తయారుచేసిన చిన్న పోగు) వేసినా కణాల్లో ఎంఆర్ఎన్ఏ (జీన్ సందేశాన్ని మోసే ఆర్ఎన్ఏ) ఎందుకు తగ్గట్లేదని పోయిన నెల అడిగాను కదా. తప్పు నా డిజైన్‌లోనే ఉంది. గట్టిగా అతుక్కోవాలన్న ఆశతో 16 న్యూక్లియోటైడ్లూ (పోగులోని అక్షరాలు) ఎల్ఎన్ఏవే (మరింత గట్టిగా అతుక్కునేలా రసాయనికంగా మార్చినవి) పెట్టించాను. కానీ ఆర్ఎన్ఏను కోసే ఆర్‌నేజ్ హెచ్ ఎంజైమ్‌కు ఎదుటి పోగు డీఎన్ఏలా కనిపించాలి. పుస్తకంలో చదివిందే, మర్చిపోయాను!

ఈసారి అటు 3, ఇటు 3 ఎల్ఎన్ఏ, మధ్యలో 10 మామూలు డీఎన్ఏ, వెన్నెముక అంతా ఫాస్ఫోరోథయోయేట్ (కణంలోని ఎంజైములు పోగును త్వరగా కోసేయకుండా ఆక్సిజన్ బదులు సల్ఫర్ పెట్టిన రకం). 48 గంటలకు క్యూపీసీఆర్ (ఎంఆర్ఎన్ఏ ఎంతుందో కొలిచే పరీక్ష) చేస్తే, హౌస్‌కీపింగ్ జీన్‌తో (మోతాదు పెద్దగా మారని, పోలికకు వాడే జీన్) సరిచూశాక కూడా సీటీ (సిగ్నల్ కనిపించడానికి పట్టే సైకిళ్ల సంఖ్య) 2 సైకిళ్లు పెరిగింది. ఒక్కో సైకిల్‌కు కాపీలు రెట్టింపవుతాయి కాబట్టి, అంటే ఎంఆర్ఎన్ఏ పావు వంతే మిగిలింది. అక్షరాలు తారుమారు చేసిన కంట్రోల్‌లో మార్పు లేదు.

కొత్త టెన్షన్ ఏంటంటే, కణాలు కాస్త గుండ్రబడి ప్లేటు నుంచి ఊడుతున్నాయి. డోసు 50 నుంచి 20 నానోమోలార్‌కు దించి చూస్తున్నా.