నుదురు పగిలింది, వెనక గోడ ఎముక తీసేస్తామంటున్నారు, ఎవరికైనా తెలుసా?

మా తమ్ముడికి శనివారం రాత్రి బండి యాక్సిడెంట్ అయింది, హెల్మెట్ అద్దానికి తగిలించుకుని పోయాడు, ఇంకేం చెప్తాం. కనుబొమ్మల పైన నుదురు లోపలికి నొక్కుకుపోయింది. స్పృహలోనే ఉన్నాడు, కానీ ముందుకి వంగితే ముక్కులోంచి నీళ్లు చుక్కలు చుక్కలుగా కారుతున్నాయి, గొంతులోకి ఉప్పగా దిగుతోందంటున్నాడు. సీటీ చూసి ఫ్రాంటల్ సైనస్ (నుదుటి ఎముక లోపల ఉండే గాలి గది అట) ముందు గోడా వెనక గోడా రెండూ ముక్కలయ్యాయి, క్రేనియలైజేషన్ చెయ్యాలి, అంటే ఆ వెనక గోడ తీసెయ్యాలి అన్నారు. విరిగిన ఎముకకి ప్లేటు వేస్తారు గానీ తీసి పారెయ్యడమేంటని అమ్మ ఒకటే ఏడుపు. మెదడుకి అడ్డు ఉండదా మరి?

---

ఈఎన్‌టీ పీజీ చేస్తున్నా, స్కాన్ చూడలేదు కాబట్టి జనరల్‌గా చెప్తున్నా. ఆ నీళ్లు సీఎస్ఎఫ్, అదే మెదడు చుట్టూ ఉండే నీరు, అయ్యుండొచ్చు, అంటే మెదడు మీది పొర డ్యూరా చిరిగి ముక్కులోకి దారి పడిందన్నమాట, అదే దారిన క్రిములు పైకెక్కితే మెనింజైటిస్, అంటే మెదడు పొరలకి ఇన్ఫెక్షన్. ముందు గోడ ఒక్కటే నొక్కుకుపోతే లేపి ప్లేట్లు వేస్తే సరిపోయేది. ఇక్కడ అసలు పేచీ ఎముకతో కాదండీ, సైనస్ లోపలి పొరతో. అది చీమిడి ఊరిస్తూనే ఉంటుంది, కిందికి దిగే దారి నలిగిపోతే లోపలే పేరుకుని మ్యూకోసీల్ అవుతుంది, ఒక్కోసారి పదేళ్ల తర్వాత కూడా బయటపడి కంటి మీదికో మెదడు మీదికో వస్తుంది. అందుకే నుజ్జయిన వెనక గోడ తీసేసి, పొర మిగలకుండా డ్రిల్‌తో గీకి, ముక్కు వైపు దారి మూసి, చిరిగిన డ్యూరా కుట్టి, నెత్తి చర్మం కింద ఉండే పెరిక్రేనియం పొరని రక్తనాళాలతో సహా మడిచి లోపల పరుస్తారు. ఆ ఖాళీలోకి మెదడు మెల్లగా సర్దుకుంటుంది. ముందు గోడని టైటానియం ప్లేట్లతో మళ్లీ నిలబెడతారు కదా, ఇక నుంచి అడ్డు అదే, అమ్మగారికి ఇది చెప్పండి. కొత్త ప్రయోగమేం కాదు, 1978లోనే డోనాల్డ్, బెర్న్‌స్టీన్ అనే డాక్టర్లు రాసిన పద్ధతి. న్యూరోసర్జన్ కూడా ఉంటారా లేదా అన్నది మాత్రం అడగండి.

---

నాకు ఇదే ఆపరేషన్ అయింది అన్నా. ఈ చెవి నుంచి ఆ చెవి దాకా జుట్టులోనే కోస్తారు, మొహం మీద గాటు లేదు గానీ స్నానం చేశాక తల తడిస్తే గీత కనిపిస్తుంది. నుదురు నెలలపాటు మొద్దుబారి ఉండె, ఇప్పటికీ దువ్వెన తగిలితే ఎవరి తలో దువ్వుతున్నట్టుంటది. ముక్కు చీదనియ్యకండి, తుమ్మొస్తే నోరు తెరిచి తుమ్మాలి, ముక్కి దొడ్డికి కూర్చోవద్దు. నీళ్లు ఆగినయి కదా బాగైందని చెకప్‌లు మానెయ్యొద్దు, నాకైతే ఏళ్ల తరబడి స్కాన్ చేస్తనే ఉన్నరు. ఖర్చు సంగతి ఆస్పత్రిలో ఆరోగ్యమిత్రని అడుగు, కార్డు ఉంటే.

---

థాంక్స్ అండి ఇద్దరికీ. చీదొద్దని మాకెవరూ చెప్పలేదు, పొద్దున రక్తం గడ్డ అడ్డొచ్చిందని వాడు రెండుసార్లు గట్టిగా చీదాడు!! వార్డుకే పోతున్నా, డ్యూటీ డాక్టర్‌కి చెప్పొచ్చి రాస్తా.